ఎముకకు ఈస్ట్రోజెన్ ఎలా కాపు కాస్తుంది

1994లో అమెరికా వైద్యులు 28 ఏళ్ల యువకుడి కేసు ఒకటి ప్రచురించారు. అతని ఎత్తు 204 సెంటీమీటర్లు, అంటే ఆరడుగుల ఎనిమిది అంగుళాలు. మోకాళ్లు లోపలికి వంగిపోతున్నాయని డాక్టర్ల దగ్గరికి వెళ్లాడు. ఎక్స్‌రే తీసి చూస్తే ఎముకల వయసు పదిహేనేళ్ల కుర్రాడిలా ఉంది. ఎముకల చివర్లలో ఉండి, టీనేజీ ముగిసే నాటికి మూసుకుపోవాల్సిన ఎదుగుదల పలకలు ఇంకా తెరుచుకునే ఉన్నాయి, మనిషి ఇంకా పొడుగవుతూనే ఉన్నాడు. అంత పొడుగు మనిషి ఎముకలు లోపల మాత్రం గుల్లబారి ఉన్నాయి. మగవాడికి ఉండాల్సిన లక్షణాల్లో ఏ లోటూ లేదు. టెస్టోస్టెరాన్ సరిపడా ఉంది. ఆశ్చర్యం ఏమిటంటే, ఆడవాళ్ల హార్మోన్ అని అందరూ పిలిచే ఈస్ట్రోజెన్ అతని రక్తంలో మామూలు కంటే ఎక్కువే ఉంది.

హార్మోన్ ఉంది, దాన్ని అందుకునేది లేదు. ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌ను తయారుచేసే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారిపోయింది. తల్లి నుంచి వచ్చిన ప్రతిలోనూ, తండ్రి నుంచి వచ్చిన ప్రతిలోనూ అదే తప్పు. తల్లిదండ్రులు బంధువులే. ఆ ఒక్క అక్షరం వల్ల రిసెప్టర్ ప్రొటీన్ తయారీ మధ్యలోనే ఆగిపోయింది. ఆరు నెలల పాటు ఈస్ట్రోజెన్ పట్టీలు వేసి చూశారు. రక్తంలో హార్మోన్ పెరిగింది తప్ప ఒంట్లో ఏ మార్పూ రాలేదు.

ఆ తర్వాత కొద్ది ఏళ్లకే దీనికి జంటగా నిలిచే కేసులు బయటపడ్డాయి. ఈసారి రిసెప్టర్ బాగానే ఉంది, ఈస్ట్రోజెనే తయారు కావడం లేదు. టెస్టోస్టెరాన్‌ను ఈస్ట్రోజెన్‌గా మార్చే అరోమటేజ్ అనే ఎంజైమ్ లోపించిన మగవాళ్లు వీళ్లు. వీళ్లూ బాగా పొడుగు, వీళ్ల ఎముకలూ గుల్లే, ఎదుగుదల పలకలు వీళ్లకూ మూసుకోలేదు. 1997లో ప్రచురించిన కేసులో 38 ఏళ్ల అలాంటి మనిషికి టెస్టోస్టెరాన్ ఇస్తే ఎముకలో కదలిక లేదు. ఈస్ట్రోజెన్ ఇచ్చాక మాత్రం పలకలు మూసుకున్నాయి, ఎముక గట్టిపడింది. అంతవరకూ మగవాడి ఎముకకు టెస్టోస్టెరాన్, ఆడవాళ్ల ఎముకకు ఈస్ట్రోజెన్ అని పుస్తకాలు పంచి పెట్టేశాయి. ఆ పంపకం ఈ ఇద్దరు ముగ్గురు మనుషుల ఎక్స్‌రేల ముందు నిలబడలేదు. మగవాడి ఎముకను నిలబెట్టేది కూడా చాలావరకు టెస్టోస్టెరాన్ నుంచి పుట్టే ఈస్ట్రోజెనే. అరవై ఐదేళ్ల మగవాడి రక్తంలో ఉండే ఈస్ట్రోజెన్ అదే వయసు స్త్రీ రక్తంలో కంటే ఎక్కువ ఉంటుందంటే నమ్మడం కష్టం కానీ, అది నిజం.

కాబట్టి ఈస్ట్రోజెన్‌ను ఆడవాళ్ల హార్మోన్ అనేసి వదిలేస్తే విషయం సగం కూడా అర్థం కాదు. అది ఎక్కడికి చేరింది, అక్కడ దాన్ని అందుకున్న రిసెప్టర్ ఏది, ఆ రిసెప్టర్ పక్కన ఏ ప్రొటీన్లు ఉన్నాయి, ఈ మూడే దాని పనిని నిర్ణయిస్తాయి. ఎముకలో ఈ లెక్క చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

తవ్వేవాళ్లు, పూడ్చేవాళ్లు

ఎముకను చూస్తే రాయిలా అనిపిస్తుంది. నిజానికి అది ఎప్పుడూ మరమ్మతు జరుగుతూ ఉండే ఇల్లు. పెద్దవాళ్లలో అస్థిపంజరం సుమారు పదో వంతు ఏటా కొత్తగా మారుతుంది. పాత ఎముకను తవ్వితీసే కణాలు ఆస్టియోక్లాస్టులు. తవ్విన చోట కొత్త ఎముకను నింపే కణాలు ఆస్టియోబ్లాస్టులు. ఇవి రెండూ కాక ఎముక లోపలే చిన్న చిన్న గదుల్లో చిక్కుకుని, సన్నటి పీచుల్లాంటి చేతులతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే ఆస్టియోసైట్లు ఉన్నాయి. సంఖ్యలో ఇవే ఎక్కువ. ఎక్కడ బరువు పడుతోంది, ఎక్కడ బీట పడింది అని కనిపెట్టి మిగతా రెండింటికీ కబురు పంపేవి ఇవే.

ఆస్టియోక్లాస్టు పనిచేసే తీరు దగ్గర నుంచి చూడదగ్గది. అది చాలా కణాలు కలిసిపోయి ఏర్పడిన పెద్ద కణం, అందుకే దాని లోపల కేంద్రకాలు చాలా ఉంటాయి. ఎముక మీద గిన్నె బోర్లించినట్టు కూర్చుంటుంది. గిన్నె అంచు ఎముకకు అతుక్కుపోతుంది, లోపలి నుంచి ఏదీ బయటికి కారదు. అప్పుడు ఆ గిన్నె కిందకి యాసిడ్ వదులుతుంది. మన కడుపులో ఉండే హైడ్రోక్లోరిక్ యాసిడే ఇక్కడా తయారవుతుంది. ఆ యాసిడ్‌కు కాల్షియం కరిగిపోతుంది. మిగిలిన కొల్లాజెన్ పీచును కెథెప్సిన్-కె అనే ఎంజైమ్ కోసేస్తుంది. కొన్ని వారాల్లో అక్కడ ఒక గుంట తయారవుతుంది. ఆ గుంటను ఆస్టియోబ్లాస్టులు పూడ్చడానికి నెలలు పడుతుంది. తవ్వడం త్వరగా అయిపోతుంది, పూడ్చడం నిదానం. గుంటలు ఒక్కసారిగా ఎక్కువైతే పూడ్చేవాళ్లు ఎంత పనిచేసినా అందుకోలేరు.

ఈస్ట్రోజెన్ పట్టు బిగించేది సరిగ్గా ఇక్కడే. ఆస్టియోక్లాస్టు పుట్టాలంటే ర్యాంక్‌ఎల్ అనే సంకేతం కావాలి. ఆస్టియోబ్లాస్టు కుటుంబపు కణాలు, ఆస్టియోసైట్లు దాన్ని తయారుచేస్తాయి. ఎముక మజ్జలో ఉన్న పసి కణాలకు ఈ సంకేతం తగిలితే అవి కలిసిపోయి ఆస్టియోక్లాస్టులవుతాయి. దీనికి విరుగుడుగా శరీరం ఆస్టియోప్రొటెజెరిన్ అనే ఇంకో ప్రొటీన్‌ను వదులుతుంది. అది ర్యాంక్‌ఎల్‌ను దారిలోనే పట్టేసుకుంటుంది, సంకేతం చేరాల్సిన చోటికి చేరదు. 1997లో ఆస్టియోప్రొటెజెరిన్, 1998లో ర్యాంక్‌ఎల్ బయటపడ్డాక ఎముక శాస్త్రంలో చాలా చిక్కుముళ్లు విడిపోయాయి. ఈస్ట్రోజెన్ ఉన్నంతకాలం విరుగుడు ఎక్కువ, సంకేతం తక్కువ. ఈస్ట్రోజెన్ పోతే తారుమారు.

ఇది ఒక దారి మాత్రమే. ఆస్టియోక్లాస్టులోనే ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఉంది. దానికి హార్మోన్ అందితే ఆ కణం తనంతట తానే త్వరగా చనిపోతుంది. ఆస్టియోబ్లాస్టులకు, ఆస్టియోసైట్లకు మాత్రం అదే హార్మోన్ ఆయుష్షు పోస్తుంది. ఒకే పదార్థం తవ్వేవాడి ఆయుష్షు తగ్గించి, పూడ్చేవాడి ఆయుష్షు పెంచుతోందన్నమాట. ఇంకా రోగనిరోధక కణాలు వదిలే వాపు సంకేతాలను అదుపులో పెడుతుంది, పేగు కాల్షియాన్ని పీల్చుకోవడానికి, కిడ్నీ దాన్ని మూత్రంలో పోనివ్వకుండా ఉంచడానికి సాయపడుతుంది.

కాల్షియం బిళ్లల గురించి ఇక్కడే చెప్పుకోవాలి. మన ఇళ్లలో యాభై దాటిన ఆడవాళ్లకు మోకాలు నొప్పి వచ్చినా, నడుం పట్టినా ముందు గుర్తొచ్చేది కాల్షియం బిళ్లే. కాల్షియం, విటమిన్-డి తక్కువైతే ఎముక కట్టడానికి సరుకు ఉండదు, అది నిజం. కానీ తవ్వకాన్ని ఆపే పని సరుకు చేయలేదు. ఈస్ట్రోజెన్ పోయాక గుంటలు తవ్వుతూ ఉంటే గోడ పక్కన ఇటుకలు పేర్చి ఏం లాభం? కాల్షియం వేసుకుంటున్నాం కదా అని ఎముక సంగతి మరిచిపోవడం చాలామంది చేసే పొరపాటు.

ముట్లుడిగే సమయంలో, అంటే నెలసరి ఆగడానికి ఒకట్రెండేళ్ల ముందు నుంచి ఆ తర్వాత కొన్నేళ్ల దాకా, వెన్నెముకలో ఏటా సుమారు 2 శాతం ఎముక తరిగిపోతుంది. తర్వాత తరుగుదల నెమ్మదిస్తుంది కానీ ఆగదు. ముందు దెబ్బతినేది స్పాంజిలా ఉండే లోపలి ఎముక. అందుకే మణికట్టు, వెన్నుపూసలు మొదట విరుగుతాయి, తుంటి ఎముక వంతు ఆ తర్వాత. వెన్నుపూస విరిగినా చాలాసార్లు చప్పుడుండదు. కొంచెం నడుం నొప్పి, కొన్ని రోజులకు తగ్గిపోతుంది. పూస మాత్రం ముందువైపు నలిగి, వెనక మందంగా ముందు పల్చగా అయిపోతుంది. అలా రెండు మూడు పూసలు నలిగితే మనిషి ముందుకు వంగుతుంది, ఎత్తు తగ్గుతుంది. ఎప్పుడూ కట్టే చీరే కాళ్లకు అడ్డం పడుతోందని ఎవరైనా పెద్దావిడ అంటే అది వయసు మాట అని కొట్టిపారేయకుండా వెన్నెముక ఎక్స్‌రే తీయించాలి.

కోడిని తలచుకుంటే ఇదంతా ఇంకో వైపు నుంచి కనిపిస్తుంది. గుడ్డు పెట్టబోయే పెట్ట ఎముకల బోలులో ఈస్ట్రోజెన్ ప్రభావంతో ఒక ప్రత్యేకమైన ఎముక పెరుగుతుంది. పెంకుకు కావాల్సిన కాల్షియాన్ని అందులో దాచుకుని, రాత్రిపూట పెంకు తయారయ్యే వేళకు తీసి వాడుకుంటుంది. పుంజుకు ఈస్ట్రోజెన్ ఇచ్చినా అలాంటి ఎముకే పుడుతుంది. 2005లో ఒక డైనోసార్ శిలాజపు కాలి ఎముకలో ఇలాంటి పొరను గుర్తించిన శాస్త్రవేత్తలు అది గుడ్లు పెట్టే దశలో ఉన్న ఆడదని వాదించారు. ఈస్ట్రోజెన్‌కూ ఎముకకూ మధ్య ఉన్న బంధం మనిషి కంటే చాలా పాతది.

రిసెప్టర్ మూత

ఈస్ట్రోజెన్ ఏమిటో తెలియకముందే దాని పని ఒకాయన చూశాడు. 1896లో గ్లాస్గో సర్జన్ జార్జ్ బీట్సన్ ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీలకు అండాశయాలు తీసేస్తే కొందరిలో గడ్డ తగ్గుముఖం పట్టిందని రాశాడు. అండాశయానికీ రొమ్ముకూ మధ్య నరాలతో పనిలేని సంబంధం ఏదో ఉందని అర్థమైంది. ఆ సంబంధాన్ని కలిపే పదార్థం 1929లో గర్భిణుల మూత్రం నుంచి శుద్ధంగా చేతికొచ్చింది. 1940 ప్రాంతాల్లో బోస్టన్ వైద్యుడు ఫుల్లర్ ఆల్‌బ్రైట్ గుల్లబారిన ఎముకలతో వచ్చే వాళ్లలో ముట్లుడిగిన స్త్రీలే ఎక్కువని గమనించి, ఈస్ట్రోజెన్ లోటే కారణమన్నాడు. అప్పటికి రిసెప్టర్ మాటే లేదు.

అప్పట్లో చాలామంది ఈస్ట్రోజెన్ ఏదో ఎంజైమ్ చర్యలో పాల్గొని ఖర్చైపోతుందని అనుకునేవారు. 1950ల చివర్లో షికాగోలో ఎల్వుడ్ జెన్సన్ ఈస్ట్రోజెన్లలో ముఖ్యమైన ఈస్ట్రాడయాల్‌కు రేడియోధార్మిక హైడ్రోజన్ తగిలించి, దాన్ని ఆడ ఎలుకలకు ఇచ్చి అది ఎటు పోతుందో వెంబడించాడు. కండలోకి, మూత్రపిండంలోకి వెళ్లి బయటికొచ్చేసింది. గర్భాశయంలో మాత్రం గంటల తరబడి ఉండిపోయింది, పైగా ఏ మార్పూ చెందకుండా. అంటే దాన్ని అక్కడ ఏదో పట్టుకుంటోంది. అదే రిసెప్టర్. 1980ల నడుమ దాని జన్యువును విడదీశారు. 1996లో స్వీడన్‌లో యాన్-ఓకే గుస్టాఫ్సన్ బృందానికి ఎలుక ప్రోస్టేట్‌లో రెండో రిసెప్టర్ దొరికింది. దాంతో పాతదానికి ఆల్ఫా అని, కొత్తదానికి బీటా అని పేర్లు స్థిరపడ్డాయి. ఆల్ఫాలో 595, బీటాలో 530 అమైనో ఆమ్లాలు. రెండింటి జన్యువులూ వేర్వేరు క్రోమోజోముల మీద ఉన్నాయి. ఎముకలో, గర్భాశయంలో, రొమ్ములో, కాలేయంలో పెద్దరికం ఆల్ఫాది. అండాశయంలో, ప్రోస్టేట్‌లో, పెద్దపేగు పొరలో బీటా ఎక్కువ. చాలాచోట్ల బీటా ఆల్ఫా దూకుడుకు కళ్లెం వేస్తుంది. సోయాలో ఉండే జెనిస్టీన్ లాంటి మొక్క పదార్థాలు బీటాకే ఎక్కువ అతుక్కుంటాయి, అది కూడా బలహీనంగా. సోయా తింటే మందు వేసుకున్నట్టే అనే ప్రచారాన్ని ఈ ఒక్క కారణంతోనే అనుమానించాలి.

ఇప్పుడు కణం లోపలికి వెళదాం. ఈస్ట్రాడయాల్ కొవ్వులో కరిగే చిన్న అణువు, కణం గోడ దానికి అడ్డు కాదు. రక్తంలో అది ఉండే మోతాదు మిల్లీలీటరుకు కొన్ని పదుల నుంచి కొన్ని వందల పికోగ్రాములు. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లో వంతు. అంత కొంచెంతో ఇంత పని జరగాలంటే పట్టుకునేది చాలా గట్టిగా పట్టుకోవాలి. హార్మోన్ లేనప్పుడు రిసెప్టర్‌ను వేడి-షాక్ ప్రొటీన్లు అదుపులో ఉంచుతాయి. రిసెప్టర్‌లో ఉన్న జేబులాంటి చోటులోకి హార్మోన్ దిగగానే అవి వదిలేస్తాయి. రెండు రిసెప్టర్లు జంటగా కలిసి డీఎన్‌ఏ మీద తమకోసమే ఉన్నట్టున్న 13 అక్షరాల చోటును వెతుక్కుని అక్కడ కూర్చుంటాయి. కొన్నిసార్లు డీఎన్‌ఏను ముట్టుకోకుండా అక్కడ అప్పటికే ఉన్న వేరే ప్రొటీన్ల భుజం మీద చెయ్యి వేసి పని నడిపిస్తాయి. ఇంకొన్ని రిసెప్టర్లు కణం గోడ దగ్గరే ఉండి జన్యువుల దాకా పోకుండా నిమిషాల్లో పని కానిస్తాయి. రక్తనాళం లోపలి పొరలో నైట్రిక్ ఆక్సైడ్ పుట్టి నాళం వదులవడం అలాంటిదే.

అసలు కీలకం ఆ జేబుకున్న మూత దగ్గర ఉంది. రిసెప్టర్‌లో పన్నెండో మెలిక అని పిలిచే ఒక చిన్న ముక్క ఉంది. 1997లో రిసెప్టర్‌ను స్ఫటికంగా మార్చి ఎక్స్‌రేతో చూసినప్పుడు తేలిందేమిటంటే, ఈస్ట్రాడయాల్ జేబులోకి దిగితే ఆ ముక్క డబ్బా మూతలా చక్కగా మూసుకుంటుంది. మూసుకున్నప్పుడు దాని పైభాగంలో ఒక గాడి ఏర్పడుతుంది. జన్యువును నడిపే సహాయక ప్రొటీన్లు ఆ గాడిలోకే వచ్చి కూర్చుంటాయి. అదే జేబులోకి రాలాక్సిఫీన్ అనే మందు దిగితే, దాని పొడుగాటి తోక బయటికి పొడుచుకొస్తుంది. మూత పడదు. తోసేసిన మూత పోయి సరిగ్గా ఆ గాడిలోనే పడుతుంది, సహాయకులు రావాల్సిన చోటును అదే మూసేస్తుంది. ఒకే తాళం కప్పలో రెండు చెవులూ దూరుతాయి కానీ, ఒకటి తలుపు తీస్తుంది, ఇంకోటి తలుపును ఇంకో కోణంలో నిలబెడుతుంది. ఆ కోణానికి సరిపడే సహాయకులు ఎముక కణంలో ఉంటే అక్కడ పని జరుగుతుంది. రొమ్ము కణంలో అడ్డుకునే ప్రొటీన్లు ఎక్కువగా ఉంటే అక్కడ పని ఆగిపోతుంది.

ఈ సంగతి తెలియకముందే మందులు వచ్చేశాయి. 1962లో ఇంగ్లండ్‌లో ఒక మందుల కంపెనీ గర్భనిరోధక మాత్ర కోసం వెతుకుతుంటే డోరా రిచర్డ్‌సన్ అనే రసాయన శాస్త్రవేత్త టామాక్సిఫెన్‌ను తయారుచేసింది. గర్భనిరోధానికి పనికిరాలేదు, స్త్రీలలో అండం విడుదల కావడానికే తోడ్పడింది. రొమ్ము క్యాన్సర్‌కు మాత్రం గొప్ప మందైంది, 1977లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే మందు కాబట్టి ఏళ్ల తరబడి వాడితే ఎముకలు పిండి అయిపోతాయని అందరికీ టెన్షన్. 1992లో విస్కాన్సిన్ వైద్యులు ముట్లుడిగిన స్త్రీలలో రెండేళ్లు కొలిచి చూస్తే వెన్నెముక సాంద్రత తగ్గకపోగా కాస్త పెరిగింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకే తగ్గింది. రొమ్ములో అడ్డుకుంటున్న మందే ఎముకలో ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తోంది. గర్భాశయంలోనూ అలాగే పనిచేస్తుంది, అందుకే గర్భాశయ పొర క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది.

నెలసరి ఇంకా వస్తున్న స్త్రీలలో మాత్రం టామాక్సిఫెన్ ఎముకను తగ్గిస్తుంది. వాళ్ల ఒంట్లో అసలైన ఈస్ట్రాడయాల్ నిండా ఉంది. దాన్ని జేబులోంచి తోసేసి సగం బలమున్న టామాక్సిఫెన్ కూర్చుంటే నష్టమే. ఈస్ట్రోజెన్ లేని చోట ఆ సగం బలమే లాభం. మందు ఒకటే, రిసెప్టర్ ఒకటే, చుట్టూ ఉన్న పరిస్థితి వేరు.

రాలాక్సిఫీన్‌కు 1997లో ఎముకల కోసమే అనుమతి వచ్చింది. గర్భాశయాన్ని రెచ్చగొట్టదు, రొమ్ము క్యాన్సర్ ముప్పు తగ్గిస్తుంది, వెన్నుపూసల విరుగుళ్లు తగ్గిస్తుంది. తుంటి విరుగుళ్లను తగ్గించినట్టు మాత్రం రుజువు కాలేదు. కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెంచుతుంది, ఒంట్లో ఆవిర్లు తగ్గించకపోగా ఎక్కువ చేస్తుంది. అన్నిచోట్లా మేలే చేసే మందు ఇంకా ఎవరి చేతికీ రాలేదు.

ఈ కుటుంబపు మందు ఒకటి మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే దొరుకుతుందని చాలామందికి తెలియదు. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధనా సంస్థలో పుట్టిన సెంట్‌క్రోమాన్, 1991లో సహేలీ పేరుతో మార్కెట్‌లోకి వచ్చింది. 2016లో దాన్ని జాతీయ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో చేర్చారు, ఆశా కార్యకర్తలు ఇచ్చే ఛాయా మాత్ర అదే. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. మామూలు గర్భనిరోధక మాత్రల్లా అందులో హార్మోన్ ఉండదు. ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌ను గర్భాశయంలో అడ్డుకుని పిండం అతుక్కోకుండా చేస్తుంది. ఇంగ్లండ్‌లో దొరకని గర్భనిరోధక మాత్ర అదే దారిలో లక్నోలో దొరికింది. మన దేశపు శాస్త్రం సాధించిన ఇంత మంచి పనికి రావాల్సినంత పేరు రాలేదు.

ఒంట్లో మిగతా చోట్ల

కాలేయంలో ఈస్ట్రోజెన్ చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్‌ను రక్తం నుంచి లాగేసే రిసెప్టర్లను పెంచుతుంది. అదే కాలేయంలో రక్తం గడ్డకట్టే ప్రొటీన్లను కూడా పెంచుతుంది. మింగిన మాత్ర పేగు నుంచి నేరుగా ముందు కాలేయానికే వెళుతుంది కాబట్టి అక్కడ ప్రభావం ఎక్కువ. చర్మం మీద అంటించే పట్టీ, రాసుకునే జెల్ ఆ దారిలో వెళ్లవు, గడ్డల ముప్పు తక్కువ. మెదడులో హైపోథాలమస్ అనే చోట ఒంటి వేడిని నడిపే కణాల పక్కనే ఈస్ట్రోజెన్ రిసెప్టర్లున్న నాడీకణాలు ఉన్నాయి. హార్మోన్ అందక అవి ఉబ్బి అదేపనిగా సంకేతాలు పంపుతాయి. ఒక్కసారిగా ముఖం, మెడ కాగిపోయి చెమటలు పట్టడం అందుకే. 2023లో అమెరికాలో అనుమతి వచ్చిన ఫెజోలినెటాంట్ ఈస్ట్రోజెన్ జోలికి పోకుండా ఆ కణాల సంకేతాన్నే ఆపుతుంది. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ ఎక్కువగా తయారయ్యేది కొవ్వులో. అందుకే లావుగా ఉన్నవాళ్లకు ఎముక సాంద్రత కొంచెం మెరుగ్గా ఉన్నా, గర్భాశయ పొర క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ ముప్పు ఎక్కువ.

రొమ్ము క్యాన్సర్లలో చాలావరకు ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఉన్నవే. ముట్లుడిగిన వాళ్లకు ఇప్పుడు లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ లాంటి మందులు ఇస్తున్నారు. ఇవి అరోమటేజ్‌నే ఆపేస్తాయి, ఒంట్లో ఈస్ట్రోజెన్ దాదాపు సున్నాకు పడిపోతుంది. మొదట చెప్పిన పొడుగు మగవాళ్లకు పుట్టుకతో వచ్చిన పరిస్థితిని మందుతో తెచ్చిపెడుతున్నట్టే. క్యాన్సర్ తగ్గుతుంది, ఎముక తరుగుతుంది. అందుకే ఈ మాత్రలు మొదలుపెట్టేటప్పుడే ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ తీసి చూడాలి, అవసరమైతే ఎముకను కాపాడే మందు కూడా ఇవ్వాలి. ర్యాంక్‌ఎల్‌ను పట్టేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ 2010 నుంచి వాడుకలో ఉంది, ఆస్టియోప్రొటెజెరిన్ చేసే పనినే అది బయటి నుంచి చేస్తుంది.

హార్మోన్ మాత్రలంటే భయం పుట్టింది 2002 జులైలో. అమెరికాలో 16,608 మంది స్త్రీలతో జరుగుతున్న పెద్ద పరీక్షలో ఈస్ట్రోజెన్‌ను, గర్భాశయ పొరను కాపాడటానికి దానికి తోడుగా ఇచ్చే ప్రొజెస్టిన్ అనే హార్మోన్‌ను కలిపి ఇస్తున్న భాగాన్ని మధ్యలో ఆపేశారు. రొమ్ము క్యాన్సర్ సుమారు 26 శాతం, పక్షవాతం 41 శాతం పెరిగాయి. తుంటి విరుగుళ్లు మాత్రం 34 శాతం తగ్గాయి. పత్రికల్లో మొదటి రెండు అంకెలే మోగిపోయాయి. అందులో పాల్గొన్న వాళ్ల సగటు వయసు 63, అంటే ముట్లుడిగి పదేళ్లు దాటినవాళ్లు చాలామంది ఉన్నారన్న మాట అప్పుడు వినిపించలేదు. ఆపరేషన్‌తో గర్భసంచి తీసేసిన 10,739 మందికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన రెండో భాగంలో పక్షవాతం పెరిగింది, తుంటి విరుగుళ్లు తగ్గాయి, రొమ్ము క్యాన్సర్ మాత్రం పెరగలేదు. ఈస్ట్రోజెన్ మంచిదా చెడ్డదా అనే ప్రశ్నకు అందుకే జవాబు దొరకదు. ఏ వయసులో, ఏ రూపంలో, గర్భసంచి ఉన్నవాళ్లకా లేనివాళ్లకా అని అడిగితేనే దొరుకుతుంది.

గర్భసంచితో పాటు ఏం పోయింది

ఈ విషయం తెలుగు నేలకు వేరేవాళ్ల కంటే ఎక్కువ అవసరం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. తెల్లబట్ట అవుతోందని, రక్తస్రావం ఎక్కువవుతోందని, పిల్లలు పుట్టేశారు ఇంకెందుకు ఆ సంచి అని, ఉంచుకుంటే క్యాన్సర్ వస్తుందని, ముప్ఫై నిండిన కొత్తల్లోనే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు.

గర్భసంచి ఈస్ట్రోజెన్‌ను తయారు చేయదు, అందుకుంటుంది. తయారుచేసేవి దాని పక్కనున్న అండాశయాలు. సంచిని మాత్రమే తీస్తే నెలసరి ఆగుతుంది కానీ ఈస్ట్రోజెన్ ఆగదు. అయినా ఆ అండాశయాలు మామూలు కంటే కొన్నేళ్లు ముందే అలిసిపోయే అవకాశం ఎక్కువ. సంచితో పాటు అండాశయాలు రెండూ తీసేస్తే మాత్రం మామూలుగా ఏళ్ల తరబడి నెమ్మదిగా జరగాల్సిన మార్పు కొద్ది రోజుల్లోనే జరిగిపోతుంది. ముప్ఫై మూడేళ్ల కూలి మనిషి ఎముకలో తవ్వకం ఆ వారంలోనే మొదలవుతుంది. యాభైకి వచ్చేసరికి పదిహేడేళ్ల తరుగుదల పేరుకుని ఉంటుంది. ఇలా చిన్నవయసులో అండాశయాలు పోయినవాళ్లకు, క్యాన్సర్ లాంటి అడ్డంకి లేకపోతే, మామూలుగా ముట్లుడిగే వయసు వచ్చేదాకా ఈస్ట్రోజెన్ ఇవ్వాలన్నది ప్రపంచమంతా వైద్య సంఘాలు ఒప్పుకున్న మాట. గర్భసంచి లేదు కాబట్టి వీళ్లకు ప్రొజెస్టిన్ కూడా అక్కర్లేదు. 2002 నాటి భయాన్ని వీళ్ల మీద రుద్దడం తప్పు. ఆ పరీక్షలోని అరవై ఏళ్ల వాళ్లకు లేనిది అదనంగా ఇచ్చారు, వీళ్లకు ఉండాల్సిందే తిరిగి ఇస్తున్నారు.

తమ అండాశయాలు ఉన్నాయో లేవో ఆపరేషన్ చేయించుకున్న వాళ్లలో చాలామందికి తెలియదు. సంచి తీశారు అని మాత్రమే చెప్పి ఉంటారు. జవాబు బీరువాలో ఎక్కడో ఉన్న డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. అందులో టి.ఏ.హెచ్. అని మాత్రమే ఉంటే పొట్ట కోసి గర్భసంచి తీశారని. దాని పక్కన బి.ఎస్.ఓ. అనే మూడు అక్షరాలు కూడా ఉంటే రెండువైపులా గొట్టాలు, అండాశయాలు కూడా తీసేశారని. ఆ కాగితం దొరికితే, వయసు ఎంతైనా, మొదటి ఎముక విరక్కముందే డాక్టరుకు చూపించి డెక్సా స్కాన్ సంగతి అడగవచ్చు.